విండోస్ విస్టా (2007) డ్రైవర్ల సమస్య: తెలుగు డీటీపీ నేపథ్యంలో ఒక చారిత్రక పరిశీలన

2007 జనవరి 30న మైక్రోసాఫ్ట్ సంస్థ విండోస్ విస్టాను సాధారణ వినియోగదారులకు విడుదల చేసింది. పెద్ద సంస్థలకు అది రెండు నెలల ముందే, 2006 నవంబరు 30న అందింది. దానికి ముందటి విండోస్ ఎక్స్‌పీ 2001 అక్టోబరు నాటిది. అయిదేళ్లకు పైగా ఎక్స్‌పీ మీద నిక్షేపంగా పనిచేసిన ప్రింటర్లు, స్కానర్లు, సౌండ్ కార్డులు అనేకం విస్టా ఎక్కించిన మరునాడే మూగబోయాయి. వాటిలో ఏ భాగమూ చెడిపోలేదు. వాటికీ ఆపరేటింగ్ సిస్టమ్‌కూ నడుమ నిలిచే డ్రైవర్ అనే ప్రోగ్రాము మాత్రం కొత్త వ్యవస్థలో చెల్లుబాటు కాలేదు.

ఈ ఉదంతాన్ని ఒక సంస్థ వైఫల్యంగా చెప్పి ముగించడం పరిపాటి. ఆనాటి సాంకేతిక మార్పులను, తర్వాత న్యాయస్థానం ద్వారా వెలుగుచూసిన ఈమెయిళ్లను కలిపి చదివితే విషయం మరొక రకంగా కనిపిస్తుంది. డ్రైవర్‌ను ఎవరు రాయాలి, ఎంతకాలం నిలబెట్టాలి అనే బాధ్యత ఎవరి మీదా స్థిరపడలేదు. ఈ లోపం ప్రింటర్లతో ఆగక, తెలుగు వంటి భాషల్లో రాతనే ఇబ్బందిలోకి నెట్టింది.

దుబాసీ స్థానం

కంపెనీ పాలన నాటి దుబాసీతో డ్రైవర్‌ను పోల్చవచ్చు. పరికరానికి తెలిసిన ఆజ్ఞలు వేరు, ఆపరేటింగ్ సిస్టమ్ పలికే భాష వేరు. రెండూ తెలిసినది డ్రైవర్ ఒక్కటే. దర్బారు భాష మారిననాడు దుబాసీ ఎంత సమర్థుడైనా అతనికి అక్కడ పని ఉండదు. డాస్ కాలంలో ఈ ఏర్పాటు ఇంకా చిత్రంగా ఉండేది. వర్డ్‌పర్ఫెక్ట్ వంటి ప్రతి ప్రోగ్రామూ తన ప్రింటర్ డ్రైవర్లను తానే వెంట తెచ్చుకునేది. విండోస్ వచ్చాక ఆ పని ఆపరేటింగ్ సిస్టమ్ పరిధిలోకి చేరింది. ప్రోగ్రాములు రాసేవారికి భారం తగ్గింది. అయితే ఆపరేటింగ్ సిస్టమ్ మారినప్పుడల్లా పరికరాలన్నీ ఒకేసారి పరీక్షకు నిలబడవలసి వచ్చింది.

విండోస్ 95 నాటి డ్రైవర్లు ఎన్‌టీ వ్యవస్థ మీద పనిచేయలేదు. ఇళ్లలో వాడే విండోస్‌నూ కార్యాలయాల్లో వాడే విండోస్‌నూ ఎక్స్‌పీ ఒకే పునాది మీదికి తెచ్చినప్పుడు కూడా పాత పరికరాలు కొన్ని మూలనపడ్డాయి. కనుక విస్టా సమస్య మొదటిది కాదు. దాని విస్తృతి మాత్రం కొత్తది.

విస్టాలో మారినవి

మార్పు అకారణంగా రాలేదు. ఎక్స్‌పీలో నమోదైన వైఫల్యాల్లో 85 శాతానికి డ్రైవర్లే కారణమని 2003లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయ పరిశోధకుల పత్రం పేర్కొన్నది. వ్యవస్థకు గుండెకాయ వంటి కెర్నల్‌లో, మైక్రోసాఫ్ట్ ప్రోగ్రాములతో సమానమైన అధికారంతో, బయటి సంస్థలు రాసిన డ్రైవర్లు నడుస్తుండేవి. వాటిలో ఒక్క పొరపాటు జరిగినా యంత్రం మొత్తం ఆగిపోయేది. దీనిని అదుపు చేయడానికి విస్టాలో తెర మీది బొమ్మలకు కొత్త డ్రైవర్ నమూనాను తెచ్చారు, ధ్వని వ్యవస్థను తిరగరాశారు, కొన్ని రకాల డ్రైవర్లను కెర్నల్ వెలుపల నడిపే వీలు కల్పించారు. 64 బిట్ విస్టాలోనైతే డిజిటల్ సంతకం లేని కెర్నల్ డ్రైవర్‌కు ప్రవేశమే లేదు. 32 బిట్ కెర్నల్ డ్రైవర్లు అందులో అసలే నడవవు. ఇంజినీరింగ్ దృష్టితో చూస్తే వీటిలో ఏదీ అనుచితం కాదు. కాని ప్రతి సంస్కరణ ఖరీదూ పాత పరికరం ఉన్నవాడి మీదనే పడింది.

2007లో అమెరికాలోని సియాటిల్ ఫెడరల్ కోర్టులో మైక్రోసాఫ్ట్ మీద ఒక దావా దాఖలైంది. విస్టా విడుదలకు ముందు అమ్మిన కంప్యూటర్లకు 'విస్టా కేపబుల్' అనే ముద్ర వేశారు. వాటిలో చాలావాటి మీద కొత్త వ్యవస్థలోని ప్రధాన ఆకర్షణలు నడవవన్నది ఫిర్యాదు. కొత్త డ్రైవర్ నమూనాకు తగని ఇంటెల్ 915 చిప్‌సెట్ యంత్రాలకు కూడా చోటిచ్చేలా ఆ ముద్ర నియమాలను సడలించిన సంగతి ఈ వ్యాజ్యంలోనే బయటపడింది. మైక్రోసాఫ్ట్ అంతర్గత ఈమెయిళ్లను 2008లో న్యాయస్థానం బహిరంగపరచింది. పరిశోధకుడికి అవి అరుదైన ఆధారాలు. ఒక సంస్థ తన ఉత్పత్తిని గురించి లోలోపల ఏమనుకుంటున్నదో ఇంత స్పష్టంగా తెలిసే సందర్భాలు తక్కువ.

సంస్థ మాజీ అధ్యక్షుడు, అప్పటి డైరెక్టర్ల బోర్డు సభ్యుడు జాన్ షర్లీ తన ప్రింటరుకూ ఫిల్మ్ స్కానరుకూ డ్రైవర్లు లేనందువల్ల ఒక కంప్యూటరును విస్టాకు మార్చలేకపోతున్నానని రాశాడు. స్టీవెన్ సినోఫ్‌స్కీ ఇంట్లోని ప్రింటరుకు కూడా విడుదల నాటికి సరైన డ్రైవర్ లేదు. జరిగినదానికి అతడు చూపిన కారణాల్లో ఒకటి ప్రత్యేకంగా గమనించదగినది: విస్టా నిజంగా వస్తుందని పరికరాల తయారీదారులు నమ్మలేదు, అందుకే చాలా ఆలస్యంగా పని మొదలుపెట్టారు. ఆ అపనమ్మకానికి పునాది ఉంది. 'లాంగ్‌హార్న్' పేరుతో సాగిన ఈ పనిని 2004లో ఆపి, విండోస్ సర్వర్ 2003 కోడ్ ఆధారంగా తిరిగి మొదలుపెట్టారు. రెండుసార్లు మాట తప్పినవాడు మూడోసారి నిజం చెప్పినా ఊరు కదలదు.

అదే పత్రాల్లో ఉన్న ఒక పట్టిక ప్రకారం నమోదైన విస్టా క్రాష్‌లలో 28.8 శాతం ఎన్విడియా డ్రైవర్ల వల్ల, 17.9 శాతం మైక్రోసాఫ్ట్ వల్ల జరిగాయి. ఈ అంకెలు విరివిగా ప్రచారమయ్యాయి. ఎన్విడియా కార్డులు ఎంత విస్తారంగా వాడుకలో ఉండేవో లెక్కలోకి తీసుకోకుండా వీటినే తీర్పుగా భావించడం తొందరపాటు.

ధ్వని విషయంలో జరిగినది మరింత విచిత్రం. విస్టాలో సౌండ్ కార్డుతో నేరుగా సంభాషించే పాత మార్గం మూసుకుపోవడంతో క్రియేటివ్ సంస్థ కార్డులు కొన్ని లక్షణాలను కోల్పోయాయి. బ్రెజిల్‌కు చెందిన ఒక ఔత్సాహికుడు ఆ సంస్థ డ్రైవర్లనే సవరించి, పోయిన సౌకర్యాలను తిరిగి తెచ్చి పంచిపెట్టాడు. ఆ పని మానుకోవాలని 2008 మార్చిలో సంస్థ అతన్ని బహిరంగంగా కోరింది. వినియోగదారులు తిరగబడ్డాక మెత్తబడింది. కార్డు కొన్నవాడిదే. దానిని పలికించే దుబాసీ మాత్రం సంస్థ సొత్తు. డ్రైవర్ల చరిత్రలో యాజమాన్య ప్రశ్న ఇంత నగ్నంగా బయటపడిన ఘట్టం బహుశా మరొకటి లేదు.

తెలుగు రాత, హార్డ్‌వేర్ తాళం

భారతీయ భాషలకు కంప్యూటరు మీద రాత మొదట హార్డ్‌వేర్ రూపంలోనే వచ్చింది. 1980లలో కాన్పూరు ఐఐటీలో రూపుదిద్దుకొని, తర్వాత పుణేలోని సీడాక్ ద్వారా వ్యాపించిన జిస్ట్ కార్డు కంప్యూటరు లోపలి స్లాటులో అమరేది. డాస్‌లో నడిచే సాధారణ ప్రోగ్రాములోనే తెలుగు, దేవనాగరి మొదలైన లిపులను తెర మీద చూపేది. అక్షరాల సంకేతాలను ఇస్కీ నిర్ణయించింది. 1991లో అది భారతీయ ప్రమాణం ఐఎస్ 13194గా స్థిరపడింది. విండోస్ గ్రాఫిక్ తెర వచ్చేసరికి ఆ కార్డుకు ప్రాముఖ్యం తగ్గింది. రాతను మోసే బాధ్యత ఫాంట్లకు, కీబోర్డు ప్రోగ్రాములకు బదిలీ అయింది.

హార్డ్‌వేర్‌తో బంధం అంతటితో తెగలేదు. నకలు ప్రతులను అరికట్టడానికి భారతీయ భాషల డీటీపీ ప్రోగ్రాములు అనేకం 'డాంగుల్' అనే తాళంతో వచ్చేవి. మొదట అది ప్రింటరు వైరు తగిలించే ప్యారలల్ పోర్టుకు, తర్వాత యూఎస్‌బీకి అమరేది. ఆ తాళానికీ ఒక డ్రైవర్ ఉండాలి. డ్రైవర్ కొత్త విండోస్‌కు ఒప్పకపోతే తాళం గుర్తింపు కాదు, ప్రోగ్రాము తెరుచుకోదు. డబ్బు పెట్టి కొన్నవాడికే ఈ అవస్థ. తాళం విరిచిన దొంగ ప్రతికి ఆ బెంగ లేదు. 64 బిట్ విండోస్‌లో 16 బిట్ ప్రోగ్రాములు బొత్తిగా నడవకపోవడం దీనికి తోడైంది. తెలుగు పుస్తకాల కూర్పుకు ఆధారమైన పేజ్‌మేకర్ కూడా 2001 నాటి 7.0తోనే ఆగిపోయింది.

ఇక్కడ ఒక భేదాన్ని గుర్తించాలి. ఇంగ్లీషులో రాసుకున్నవాడు ప్రింటరు పోతే మరొక ప్రింటరు కొంటాడు; అతని రాత ఎక్కడైనా తెరుచుకుంటుంది. తెలుగు డీటీపీ ఫైళ్ల సంగతి వేరు. వాటిలో తెలుగు అక్షర ఖండాలు రోమన్ అక్షరాల సంకేత స్థానాల్లో కూర్చున్నాయి. ఆ ఫాంటు లేని యంత్రంలో పుట మొత్తం అర్థంలేని రోమన్ అక్షరాల వరుసగా కనిపిస్తుంది. ఫాంటు ఉంటే చదవవచ్చు గాని, ఒక ఒత్తును సరిదిద్దాలంటే కీబోర్డు ప్రోగ్రాము లేవాలి. అది లేవాలంటే తాళం పలకాలి. 1990లలో, 2000 తర్వాతి తొలి సంవత్సరాల్లో డీటీపీ కేంద్రాల్లో కూర్చిన సిద్ధాంత గ్రంథాల, పత్రికల ఫైళ్లు ఈ గొలుసుకు కట్టుబడినవే.

యూనికోడ్‌లో తెలుగుకు 1991 నాటి తొలి ప్రమాణంలోనే చోటు దక్కింది. ఎక్స్‌పీతో పాటు గౌతమి ఫాంటు కూడా వచ్చింది. అంటే విస్టా నాటికి తాళంతో పనిలేని తెలుగు రాత సాధ్యమే. అయినా అచ్చు రంగం పాత పద్ధతిని వదలలేదు. యూనికోడ్ తెలుగు పేజ్‌మేకర్‌లో నడవదు. చేతికి అలవాటైన కీబోర్డు అమరిక వేరు. పాత ఫైళ్లను మార్చవలసిన పని కొండంత. డీటీపీ నిర్వాహకులను ఛాందసులని నిందించడం సులభం. రేపు సాయంత్రానికి పుస్తకం అందించవలసినవారికి వేరే దారి లేదన్నది వాస్తవం.

2009 అక్టోబరులో వచ్చిన విండోస్ 7 విస్టా డ్రైవర్లను చాలావరకు అంగీకరించింది. మొదటి దెబ్బను విస్టా భరించింది గనుక దాని వారసుడికి మంచి పేరు దక్కింది. వృత్తిపరమైన వాడుకకు ఉద్దేశించిన సంచికల్లో ఎక్స్‌పీని లోపల నడిపే ఏర్పాటును కూడా మైక్రోసాఫ్ట్ ఇచ్చింది. 2014 ఏప్రిల్ 8న ఎక్స్‌పీకి భద్రతా సవరణలు నిలిచిపోయాయి. ఆ తర్వాత కూడా డీటీపీ కేంద్రాల్లో ఇంటర్నెట్ వైరు తీసేసిన ఒక పాత ఎక్స్‌పీ యంత్రం, దాని వెనుక ప్యారలల్ పోర్టుకు బిగించిన తాళం మిగిలే ఉన్నాయి. పదిహేనేళ్ల నాటి పుస్తకానికి పునర్ముద్రణ అవసరమైతే ఆ యంత్రం స్విచ్చే వేయాలి.