మనుచరిత్రలో సూర్యాస్తమయం: ఒకే వేళ, రెండర్థాలు

కావ్యవర్ణనల పట్టికలో సూర్యాస్తమయం స్థానం విచిత్రమైనది. మహాకావ్యానికి దండి కావ్యాదర్శంలో చెప్పిన వర్ణనల్లో సూర్యోదయ, చంద్రోదయాలున్నాయి. అస్తమయం విడిగా లేదు. ఓరుగల్లు ప్రతాపరుద్రుని ఆస్థానంలోని విద్యానాథుడూ ప్రతాపరుద్రీయంలో ఆ క్రమాన్నే అనుసరించాడు. అయినా తెలుగు ప్రబంధకవులు అస్తమయాన్ని విడిచిపెట్టలేదు. చంద్రోదయానికీ విరహానికీ అది పూర్వరంగం కావడం ఇందుకొక కారణం. ఇటువంటి వర్ణనలు కథాగమనానికి అడ్డు తగులుతాయన్న విమర్శ ఉంది. శ్రీకృష్ణదేవరాయలకు (పాలన 1509–1529) అంకితమైన అల్లసాని పెద్దన మనుచరిత్ర విషయంలో ఆ విమర్శ నిలవదు.

మార్కండేయ పురాణంలోని ఈ కథను పెద్దనకు ముందే మారన తెనిగించాడు. కథలోని ప్రవరుడు నిత్యాగ్నిహోత్రి. సిద్ధుడిచ్చిన పాదలేపంతో హిమాలయం చేరినవాడు, మంచుకు లేపం కరగడంతో అక్కడే చిక్కుకుంటాడు. అతనికి అస్తమయం సౌందర్యదృశ్యం కాదు, కర్మకాలం. సంధ్యావందనమూ సాయంహోమమూ ఆ వేళకు ఇంట జరగవలసినవి. అందుకే వరూధినిని తిరస్కరించి అగ్నిని ప్రార్థించేటప్పుడు ఇల్లు చేర్చమని మాత్రమే కోరడు. సూర్యుడు పడమటి కడలిలో మునగకముందే చేర్చమంటాడు. అస్తమయం ఇక్కడ ధర్మానికి గడువు.

అతడు వెళ్లిన తరువాత సాయంకాలం వరూధిని వైపు నుంచి వస్తుంది. తననే నమ్మిన స్త్రీని మన్మథునికి అప్పగించి పోయిన విప్రునిపై కోపంతోనా అన్నట్లు సూర్యుడు ఎర్రబారాడని పెద్దన ఉత్ప్రేక్షిస్తాడు. ఏ సూర్యుని అస్తమయంలోగా ఇల్లు చేరాలని ప్రవరుడు తపించాడో, ఏ సూర్యునికి అర్ఘ్యమివ్వడం అతని నిత్యవిధో, ఆ సూర్యుడే అతణ్ణి నిందిస్తున్నట్లు కనిపిస్తాడు.

ఇది ఉత్ప్రేక్షే, తీర్పు కాదు. ప్రవరుని నిష్ఠను కవి ఎక్కడా తక్కువ చేయలేదు. అగ్ని అతని ప్రార్థన ఆలకించాడు. కానీ ఆ నిష్ఠ వల్ల ఒంటరిగా మిగిలిన స్త్రీ వేదనకు కథలో వాదించేవారు లేరు. ఆ పని వర్ణన చేసింది. కథ ప్రవరుని పక్షాన సాగుతుండగా, అస్తమయవర్ణన వరూధిని పక్షాన నిలిచింది. ఈ పద్యాన్ని కేవలం సంప్రదాయపాలనగా భావించి దాటవేస్తే, ప్రవరుని ధర్మం గురించి కావ్యం లేవనెత్తిన ప్రశ్ననే దాటవేసినట్లవుతుంది.