చంటిపిల్లల ఫోటోకు ఫ్లాష్ వేయవచ్చా? ఫోటోలో కన్ను తెల్లగా వస్తే ఏం చేయాలి?

బారసాల, అన్నప్రాసన, పుట్టువెంట్రుకలు, తొలి పుట్టినరోజు... మన ఇళ్లలో ఏ వేడుకైనా ఫోటోగ్రాఫరు కెమెరా ఎత్తగానే ఒక పెద్దావిడ గొంతు వినిపిస్తుంది. "బాబూ, ఆ లైటు పిల్ల కళ్లలో కొట్టకు!" బరంపురంలో మా సంఘం హాల్లో ఈ మాట ఎన్నిసార్లు విన్నామో లెక్కలేదు. ఇరుగుపొరుగు ఒడియా ఇళ్లలో ఇరవై ఒకటో రోజున చేసే వేడుకలోనూ ఇదే మాట, వాళ్ల భాషలో.

ఈ మధ్య చిన్న వయసు తల్లిదండ్రులు కూడా ఇదే అడుగుతున్నారు. మేము డాక్టర్లం కాము. కంటి వైద్యులు చెప్పేది, కెమెరా కంపెనీలు తమ పుస్తకాల్లో రాసేది చదివి, తేలిన సంగతులు ఇక్కడ ఒకచోట పెడుతున్నాము. క్లుప్తంగా చెప్పాలంటే ఇవి రెండు. మామూలు దూరం నుంచి వేసిన ఫ్లాష్ వల్ల బిడ్డ కంటికి హాని లేదు. కానీ ఫ్లాష్ ఫోటోలో కంటిపాప తెల్లగా కనబడితే దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు.

భయం ఎక్కడి నుంచి వచ్చింది?

పెద్దల మాటలో తప్పు లేదు. చంటిబిడ్డ కళ్లు సుకుమారం, వాటి మీద ఎండ గానీ పెద్ద లైటు గానీ పడనీయకూడదని వారి జాగ్రత్త. దీనికి 2015లో ఒక వార్త తోడయింది. చైనాలో మూడు నెలల బిడ్డకు దగ్గర నుంచి ఫ్లాష్‌తో ఫోటో తీస్తే చూపు పోయిందని ఆ వార్త. అది ఎన్నో దేశాల్లో తిరిగింది. ఫ్లాష్ వల్ల అలా జరగదని, బిడ్డకు ముందునుంచే ఉన్న లోపం అప్పుడు బయటపడి ఉండవచ్చని కంటి వైద్యులు అప్పుడే చెప్పారు. ఆ మాట మాత్రం అంత దూరం వెళ్లలేదు. వార్త ఇప్పటికీ వాట్సాప్‌లో కొత్తదానిలా తిరుగుతూనే ఉంది.

ఫ్లాష్ ఎందుకు హాని చేయదు?

కంటిలోపలి తెరను, అంటే రెటీనాను, వెలుగు దెబ్బతీయాలంటే ఆ వెలుగు చాలా తీవ్రంగా ఉండాలి, లేదా చాలాసేపు పడాలి. కెమెరా ఫ్లాష్ వెలిగేది సుమారు సెకనులో వెయ్యో వంతు. ఫోనులో ఉండే ఎల్ఈడీ ఫ్లాష్ ఇంకాస్త ఎక్కువసేపు వెలుగుతుంది గానీ దాని వెలుగు తక్కువ. పైగా పుట్టిన బిడ్డకు కూడా గట్టి వెలుగు పడితే కళ్లు మూసుకునే గుణం ఉంటుంది. పసిపిల్లల కంటిపాప కూడా చిన్నదే.

దీనికి మనకు తెలిసిన పోలిక ఒకటి ఉంది. కామెర్లు వచ్చిన పసిబిడ్డను ఆసుపత్రిలో నీలం లైటు కింద పడుకోబెట్టినప్పుడు కళ్లకు గంతలు కడతారు. అది గంటలకొద్దీ పడే వెలుగు కాబట్టి ఆ జాగ్రత్త. ఫ్లాష్ అలా కాదు, రెప్పపాటు కన్నా తక్కువ.

నెలలు నిండకుండా పుట్టిన పిల్లల సంగతి మరీ అడుగుతారు. ఆ పిల్లల కళ్లను పరీక్షించేటప్పుడు డాక్టర్లే చుక్కల మందు వేసి, కంటిపాపను పెద్దది చేసి, గట్టి లైటుతో లోపలికి చూస్తారు. అలాంటి పిల్లలకు వెలుగు తగ్గిస్తే రెటీనా జబ్బు తగ్గుతుందేమోనని అమెరికాలో పెద్ద పరిశీలన చేశారు. కొందరు పిల్లల కళ్లకు వెలుగు తగ్గించే అద్దాలు పెట్టి చూశారు. తేడా ఏమీ లేదని 1998లో తేల్చారు. అయినా నవజాత శిశువుల వార్డులో ఫ్లాష్ వద్దంటే మానాలి. అక్కడి పిల్లలకు నిద్ర ముఖ్యం, ఉలికిపాటు మంచిది కాదు.

ఇవి మాత్రం పాటించండి

ఒకటి, దూరం. ఫ్లాష్‌తో పసిపిల్లలను తీసేటప్పుడు కనీసం ఒక మీటరు దూరం ఉండాలని నికాన్ కెమెరాలతో వచ్చే పుస్తకాల్లోనే హెచ్చరిక ఉంటుంది. మూరెడు దూరంలో పెట్టి ఫ్లాష్ కొట్టడం ఎవరికీ మంచిది కాదు. పెద్ద ఫ్లాష్‌ను చర్మానికి ఆనించి వేస్తే కాలుతుంది కూడా.

రెండు, నిద్రపోతున్న బిడ్డ మీద, పాలు తాగుతున్న బిడ్డ మీద ఫ్లాష్ వద్దు. కంటికి హాని అని కాదు, ఉలిక్కిపడి ఏడుస్తుందని.

మూడు, ఫోటోగ్రాఫరును ఫ్లాష్ తిన్నగా కాకుండా పైకప్పు వైపు తిప్పి కొట్టమనండి. వెలుగు మెత్తగా పడుతుంది, ఫోటో కూడా బాగా వస్తుంది. పగలైతే కిటికీ పక్కన కూర్చోబెడితే ఫ్లాష్ అవసరమే ఉండదు.

నిజంగా భయపడవలసినవి వేరే ఉన్నాయి. జాతరల్లో, బొమ్మల దుకాణాల్లో అమ్మే ఆకుపచ్చ లేజరు లైట్లు రెటీనాను కాల్చగలవు. ఊరేగింపుల్లో డీజే లేజర్ల ఎదుట పిల్లలను భుజాన ఎత్తుకుని నిలబడవద్దు. సూర్యుణ్ణి తిన్నగా చూడనీయవద్దు.

ఎర్ర కన్ను, తెల్ల కన్ను

ఫ్లాష్ ఫోటోలో కంటిపాపలు ఎర్రగా రావడం అందరం చూసిందే. ఫ్లాష్ వెలుగు కంటిపాపలోంచి లోపలికి పోయి, రక్తనాళాలు నిండిన రెటీనా మీద పడి తిరిగి వస్తుంది. అందుకే ఆ ఎరుపు. రెండు కళ్లూ ఒకేలా ఎర్రగా ఉంటే అది మామూలే.

ఒక కన్ను ఎర్రగా, రెండో కన్ను తెల్లగా లేదా పసుపుగా, పిల్లికన్ను మెరిసినట్టు వస్తే అక్కడ ఆగాలి. బిడ్డ పక్కకు చూస్తున్నప్పుడు వెలుగు కంటి నరం మొదలు మీద పడి ఆరోగ్యమైన కన్ను కూడా ఒక్కోసారి తెల్లగా రావచ్చు. కానీ అది తేల్చవలసింది కంటి డాక్టరు, మనం కాదు. పుట్టుకతో వచ్చిన శుక్లం కావచ్చు. రెటీనా జబ్బు కావచ్చు. రెటీనోబ్లాస్టోమా అనే కంటి క్యాన్సరు కూడా కావచ్చు. సుమారు 15,000 నుంచి 20,000 పుట్టుకల్లో ఒకరికి వచ్చే అరుదైన జబ్బు ఇది. అయినా మన దేశంలో పుట్టుకలు ఎక్కువ కాబట్టి ఏటా దాదాపు 1,500 నుంచి 2,000 మంది పిల్లలకు వస్తోంది. ఎక్కువగా అయిదేళ్లలోపు పిల్లలకే. తొందరగా పట్టుకుంటే ప్రాణం నిలుస్తుంది, చాలాసార్లు కన్నూ నిలుస్తుంది. ఆలస్యమైతే ముందు చూపు, తర్వాత కన్ను, ఆపైన ప్రాణం.

మాకు తెలిసిన ఒక ఇంటి సంగతి వాళ్ల అనుమతితో చెబుతున్నాము. పాప తొలి పుట్టినరోజు ఫోటోల్లో ఏడెనిమిదింట ఎడమ కన్ను తెల్లగా వచ్చింది. ఫోటో బాగుండాలని ఫోటోగ్రాఫరు కంప్యూటరులో ఆ తెలుపును నలుపు చేసి ఆల్బమ్ ఇచ్చాడు. ఇంట్లో ఉన్న ఒకటి రెండు ఫోన్ ఫోటోలు చూసి నాయనమ్మగారు "పిల్లికన్ను, అదృష్టం" అన్నారు. ఎనిమిది నెలల తర్వాత మెల్లకన్ను పడితే భువనేశ్వర్ తీసుకెళ్లారు. కన్ను తీసేయవలసి వచ్చింది. పాప దక్కింది. ఇప్పుడు కృత్రిమ కన్నుతో బడికి వెళుతోంది, మూడో తరగతి. పాత ఫోటోలు తెమ్మని డాక్టరు అడిగినప్పుడు, దిద్దని ఫోటోల్లో ఆ తెలుపు అలాగే ఉంది. ఇది ఎవరినీ తప్పుపట్టడానికి కాదు. ఎవరికీ తెలియకే అలా జరిగింది. తెలిస్తే ఆ ఎనిమిది నెలలు మిగిలేవి.

ఇంట్లో ఏం చేయాలి?

అప్పుడప్పుడు ఫ్లాష్‌తో ఒక ఫోటో తీసి రెండు కళ్లూ పెద్దవి చేసి చూడండి. గది కాస్త చీకటిగా ఉండాలి, రెండు మూడు మీటర్ల దూరం ఉండాలి, బిడ్డ తిన్నగా కెమెరా వైపు చూడాలి. ఎర్రకన్ను తగ్గించే సౌకర్యం ఫోనులో ఉంటే ఆపేయండి. ఫోటోగ్రాఫరుకు కూడా "కళ్లు దిద్దవద్దు, అసలు ఫోటోలు కూడా ఇవ్వండి" అని ముందే చెప్పండి.

కన్ను తెల్లగా వస్తే, మెల్లకన్ను పడితే, ఒక కన్ను మూసినప్పుడు బిడ్డ గొడవ చేస్తే, ఆ వారంలోనే కంటి డాక్టరు దగ్గరకు వెళ్లండి. ఆ ఫోటో ఫోనులో చూపించండి. మనం ఏ రాష్ట్రంలో ఉన్నా, డాక్టరు మాట్లాడేది ఏ భాషైనా, ఫోటో చూపిస్తే విషయం అర్థమవుతుంది. తల్లిదండ్రుల్లో గానీ తోబుట్టువుల్లో గానీ ఎవరికైనా ఈ క్యాన్సరు వచ్చి ఉంటే, పుట్టిన వెంటనే పరీక్ష చేయించాలి. ఒక మాట గుర్తుంచుకోండి. ఫోటోలో కన్ను మామూలుగా ఉందని జబ్బు లేదనుకోకూడదు. మిగతా లక్షణాలు ఉంటే ఫోటోతో సంబంధం లేకుండా చూపించాలి.

నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకు ఇంకో పరీక్ష తప్పనిసరి. 34 వారాల లోపు పుట్టినా, రెండు కిలోల కన్నా బరువు తక్కువగా పుట్టినా, 30 రోజులు నిండేలోగా రెటీనా పరీక్ష జరగాలి. మరీ చిన్నగా పుట్టినవారికి ఇంకా ముందే జరగాలి. ఆసుపత్రి వాళ్లు చెప్పకపోతే మీరే అడగండి.

ఎక్కడికి వెళ్లాలి?

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమంలో పుట్టుకతో వచ్చే శుక్లం, నెలలు నిండని పిల్లల రెటీనా జబ్బు కూడా ఉన్నాయి. మీ జిల్లా ప్రభుత్వ ఆసుపత్రిలో ఆ పేరు చెప్పి అడగండి. పెద్ద పరీక్షలకు దారి తెలియడం కోసం కొన్ని పేర్లు ఇస్తున్నాము. ఒడిశాలో మనవాళ్లకు ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి భువనేశ్వర్‌లోనూ, ఇటు విశాఖపట్నంలోనూ ఉంది. యానాం వారికి ముందు కాకినాడ, ఆపైన విశాఖ. తమిళనాట చెన్నైలో శంకర నేత్రాలయ, మదురైలో అరవింద్. కర్ణాటకలో బెంగళూరు మింటో ప్రభుత్వ కంటి ఆసుపత్రి, నారాయణ నేత్రాలయ. మహారాష్ట్రలో ముంబై టాటా మెమోరియల్. షోలాపూరు వారికి హైదరాబాదు ఎల్.వి. ప్రసాద్ కూడా అందుబాటే.

కాబట్టి ఈసారి బారసాలలో ఫ్లాష్ వేస్తే కంగారుపడకండి, మీటరు దూరం ఉండమని చెప్పండి చాలు. ఫోటోలు వచ్చాక నగలు, చీరలు చూసే ముందు బిడ్డ రెండు కళ్లూ చూడండి. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ "తర్వాత చూద్దాం" అని పక్కన పెట్టిన కాగితాలు మేము ఎన్నో చూశాము. చాలావాటికి ఏమీ కాలేదు. బిడ్డ కంటి విషయంలో మాత్రం అలా పక్కన పెట్టకండి.