విజిలాంటీ 8: సెకండ్ అఫెన్స్

ఆయుధాలు బిగించిన కార్లతో సాగే పోరాట వీడియో గేమ్. అమెరికాకు చెందిన లక్సోఫ్లక్స్ రూపొందించగా యాక్టివిజన్ 1999లో విడుదల చేసింది. ప్లేస్టేషన్, డ్రీమ్‌కాస్ట్, నింటెండో 64 యంత్రాలపై ఆడవచ్చు. 1998 నాటి ‘విజిలాంటీ 8’కు ఇది కొనసాగింపు.

తొలి ఆట 1970ల చమురు సంక్షోభాన్ని కల్పనగా మలచుకుంది. 1973లో అరబ్బు దేశాలు చమురు ఆపేయడంతో అమెరికాలో పెట్రోలు బంకుల ముందు కార్లు బారులు తీరిన కాలమది. ఆటలో చమురు గుత్తాధిపత్యం కోసం కొయోటీలు అనే ముఠా విధ్వంసానికి దిగితే విజిలాంటీలు అనే వర్గం ఎదిరిస్తుంది. రెండో భాగంలో చమురు సంస్థ అధిపతి లార్డ్ క్లైడ్ భవిష్యత్తు నుంచి వెనక్కి వచ్చి చరిత్రనే తిరగరాయబోతాడు. ఎవరి పక్షమూ కాని డ్రిఫ్టర్లు మూడో వర్గం.

పోరు అరిజోనా ఉల్కా బిలం, అలాస్కా పైప్‌లైన్, లూసియానా చిత్తడి నేలల వంటి చోట్ల సాగుతుంది. మెషిన్‌గన్ అందరికీ ఉంటుంది. రాకెట్లు, మోర్టార్లు, మందుపాతరలు దారిలో ఏరుకోవాలి. ప్రతి పాత్రకూ సొంత ఆయుధం వేరే: బీజ్‌వాక్స్‌ది తేనెటీగల దండు. ఈ ఆటలోని అసలైన కొత్తదనం మాత్రం చక్రాల మార్పిడే. తగిన పరికరం దొరికితే అదే కారు మంచుపై స్కీలతో జారుతుంది, నీటిపై పడవలా దూసుకుపోతుంది, లేదా గాలిలో తేలుతుంది. దాంతో నేల స్వభావమే వ్యూహమవుతుంది. తొలి ఆటకు ఈ లోతు లేదు. ఓడించిన బండ్ల శకలాల నుంచి వచ్చే పాయింట్లతో సొంత బండి వేగం, కవచం పెంచుకోవచ్చు.

లక్సోఫ్లక్స్‌ను యాక్టివిజన్ 2002లో కొని, 2010లో మూసేసింది. పాత బృందంలోని కొందరు నెలకొల్పిన ఐసోపాడ్ ల్యాబ్స్ 2008లో ఎక్స్‌బాక్స్ 360 కోసం ‘విజిలాంటీ 8 ఆర్కేడ్’ తెచ్చింది.