బ్రేకు కింద పోయే పెట్రోలు

బొంబాయి వైపు నుంచి వచ్చిన గ్రేట్ ఇండియన్ పెనిన్సులా రైల్వే, మద్రాసు వైపు నుంచి వచ్చిన మద్రాసు రైల్వే 1871లో రాయచూరులో కలిశాయి. ఆ పట్టాల మీద తొంభై ఏళ్లకు పైగా బొగ్గు ఇంజన్లు నడిచాయి. తర్వాత వచ్చినవాటిని డీజిల్ ఇంజన్లు అన్నాం. నిజానికి వాటి చక్రాలను డీజిల్ యంత్రం నేరుగా తిప్పదు. అది ఒక జనరేటరును తిప్పుతుంది. పుట్టిన కరెంటు ఇరుసుల దగ్గరున్న మోటార్లకు వెళుతుంది. రైలును లాగేది ఆ మోటార్లే. 1960లలో అమెరికాలోని ఆల్కో కంపెనీ నుంచి తెచ్చుకుని, ఆపైన వారణాసిలో మనమే తయారుచేసుకున్న 2600 హార్స్‌పవర్ల డబ్ల్యూడీఎం-2 ఇంజనులోనూ ఇదే పద్ధతి.

కాబట్టి ఇవాళ షోరూములో "ఇంజనూ ఉంటుంది, మోటారూ ఉంటుంది సార్" అని హైబ్రిడ్ కారు గురించి చెప్పే కొత్త సంగతిలో సగం రాయచూరు స్టేషన్లో రెండు తరాలుగా కళ్లెదుటే ఉంది. మిగతా సగమే అసలు సంగతి. డైనమిక్ బ్రేకు ఉన్న డీజిల్ ఇంజనులో డ్రైవరు వేగం తగ్గించినప్పుడు అవే మోటార్లు జనరేటర్లుగా మారి కరెంటు పుట్టిస్తాయి. దాన్ని దాచుకునే చోటు లేక రెసిస్టరు గ్రిడ్లలో వేడిగా మార్చి గాలికి వదిలేస్తారు. హైబ్రిడ్ కారు ఆ కరెంటును బ్యాటరీలో దాచుకుంటుంది. కొనాలా వద్దా అనే లెక్క ఆ దాచుకున్న దానితోనే మొదలవుతుంది.

ఈ బండి పుట్టింది వియన్నాలో. గుర్రపు బగ్గీలు కట్టే లోనర్ కంపెనీలో పనిచేస్తున్న ఫెర్డినాండ్ పోర్షే, పాతికేళ్ల వయసులో, చక్రాల గుబ్బల్లోనే మోటార్లు అమర్చిన కరెంటు బండిని తయారుచేశాడు. 1900 పారిస్ ప్రదర్శనలో దాన్ని జనం వింతగా చూశారు. బ్యాటరీ బరువు ఎక్కువ, అది నడిచే దూరం తక్కువ. ఆ లోటు తీర్చడానికి అదే రోజుల్లో పోర్షే మరో బండి కట్టాడు. అందులో చిన్న పెట్రోలు ఇంజన్లు జనరేటర్లను తిప్పేవి, ఆ కరెంటు మోటార్లకూ బ్యాటరీకీ వెళ్లేది. దానికి సెంపర్ వివస్ అని పేరు పెట్టాడు. బెల్జియంలో హెన్రీ పీపర్ ఇంకో దారి పట్టాడు. ఇంజనూ మోటారూ ఒకే ఇరుసుకు బిగించి, ఎగువన మోటారు సాయం పట్టేలా, చదునులో అదే మోటారు బ్యాటరీ నింపేలా చేసి 1905లో అమెరికాలో పేటెంటుకు దరఖాస్తు పెట్టాడు. 1909లో పేటెంటు వచ్చింది. ఈనాటి కార్లలోని రెండు ముఖ్యమైన పద్ధతులూ అప్పటికే కాగితం మీదా రోడ్డు మీదా ఉన్నాయి.

ఆ తర్వాత దాదాపు తొంభై ఏళ్లు ఎందుకు మరుగున పడ్డాయంటే, పెట్రోలు చవకైంది. 1908లో ఫోర్డు మోడల్ టీ వచ్చింది. 1912లో చార్లెస్ కెటరింగ్ రూపొందించిన కరెంటు స్టార్టరు కాడిలాక్ కార్లలోకి వచ్చింది. ముందు హ్యాండిలు పెట్టి చేతులు నొప్పెట్టేలా తిప్పాల్సిన అవస్థ తప్పింది. ఇక రెండు యంత్రాల బరువు మోసే ఓపిక ఎవరికీ లేకపోయింది. 1973 చమురు సంక్షోభం రోజుల్లో విక్టర్ వూక్ అనే అమెరికన్ ఇంజనీరు ఒక బ్యూక్ స్కైలార్క్‌ను హైబ్రిడ్‌గా మార్చి ప్రభుత్వ పరీక్షలకు ఇచ్చాడు. పొగ బాగా తగ్గింది. అయినా ప్రభుత్వం ఆ పథకాన్ని ముందుకు సాగనివ్వలేదు. ఇరవై ఏళ్లు వృథాగా పోయాయనే నాకు అనిపిస్తుంది.

1993లో టొయోటా, 21వ శతాబ్దపు కారు కోసం జీ21 అనే పథకం మొదలుపెట్టింది. దాని పెద్ద ఇంజనీరు తాకేషి ఉచియమాద. అప్పటి కార్ల కంటే ఒకటిన్నర రెట్లు మైలేజీ తెస్తామని ఆయన బృందం అంటే, రెట్టింపు కావాలని పైవాళ్లు పట్టుబట్టారు. మామూలు ఇంజనును ఎంత సానబెట్టినా అంత రాదు. అలా హైబ్రిడ్ తప్పనిసరి అయింది. 1995 చివర్లో తయారైన మొదటి నమూనా 49 రోజుల పాటు కదలనే లేదు. కదిలిన రోజున 500 మీటర్లు వెళ్లి ఆగిపోయింది. 1997 డిసెంబరులో అదే ప్రియస్ పేరుతో జపాను మార్కెట్లోకి 21.5 లక్షల యెన్లకు వచ్చింది. పెద్ద ఎత్తున తయారైన మొదటి హైబ్రిడ్ కారు అదే. కాలిఫోర్నియాలో 2005 నుంచి 2011 దాకా స్టిక్కరున్న హైబ్రిడ్లు డ్రైవరు ఒక్కడే ఉన్నా కార్‌పూల్ లేన్లో వెళ్లే వీలుండేది. సిలికాన్ వ్యాలీలో ఉద్యోగాలు చేసే మన తెలుగువాళ్లకు ప్రియస్ అంతగా పరిచయం కావడంలో ఆ లేనుకూ వాటా ఉంది.

ఆ కారు లోపలి పని చూస్తే ఉచియమాద బృందం మీద గౌరవం పెరుగుతుంది. ఒక ప్లానెటరీ గేరు, రెండు మోటారు-జనరేటర్లు, ఒక పెట్రోలు ఇంజను. గేరు నడుమ ఉన్న చిన్న చక్రానికి మొదటి జనరేటరు, దాని చుట్టూ తిరిగే గేర్లను పట్టుకున్న చట్రానికి ఇంజను, బయటి వలయానికి రెండో మోటారూ కారు చక్రాలూ. ఇంజను శక్తి అక్కడ రెండుగా చీలుతుంది. కొంత నేరుగా చక్రాలకు వెళుతుంది, కొంత కరెంటుగా మారి మోటారుకో బ్యాటరీకో వెళుతుంది. జనరేటరు వేగాన్ని మారిస్తే చాలు, ఇంజను వేగం మారుతుంది. అందుకే ఇందులో మెట్లున్న గేర్‌బాక్సు లేదు, క్లచ్చు లేదు, విడిగా స్టార్టరు లేదు, ఆల్టర్నేటరు లేదు. వెనక్కి నడిపేది కూడా కరెంటు మోటారే. విడి భాగాలు ఎక్కువని భయపడేవాళ్లు ఈ లేని భాగాలను కూడా లెక్కలో వేసుకోవాలి.

ఇంజను తీరూ వేరు. జేమ్స్ అట్కిన్సన్ 1882లో పేటెంటు తీసుకున్న పద్ధతిని అనుసరించి, లోపలికి గాలి తీసుకునే వాల్వును ఆలస్యంగా మూస్తారు. పిస్టన్ గాలిని నొక్కే దూరం కంటే మండిన వాయువు పిస్టన్‌ను తోసే దూరం ఎక్కువవుతుంది. చుక్క చుక్కనూ పిండుకున్నట్టే, కానీ కదిలే క్షణంలో బలం తగ్గుతుంది. ఆ బలాన్ని మోటారు ఇస్తుంది. ట్రాఫిక్కులో నిలబడినప్పుడు ఇంజను ఆగిపోతుంది, బ్రేకు వేసినప్పుడు కారు వేగం కరెంటై బ్యాటరీలోకి చేరుతుంది. బ్యాటరీ మాత్రం చిన్నది. టొయోటా హైరైడర్‌లో ఉన్నది 0.76 యూనిట్లే. మానవి దగ్గర తుంగభద్ర ఎడమ కాలువ చివరి ఆయకట్టు రైతు, నీళ్ల వంతు వచ్చినప్పుడు పట్టి ఉంచుకునే కుంట లాంటిది అది. చిన్నదైనా రోజుకు ఎన్నోసార్లు నిండి, ఎన్నోసార్లు ఖాళీ అవుతుంది కాబట్టే దానికి విలువ.

మన దేశంలోకి ఇది తడబడుతూ వచ్చింది. 2008లో హోండా, సివిక్ హైబ్రిడ్‌ను దిగుమతి చేసి 21.5 లక్షలకు పెట్టింది. కొనేవాళ్లు లేక ఆ ఏడాది చివరికి ధరలో దాదాపు 8 లక్షలు కోసేసింది. 2010లో ప్రియస్ వచ్చింది. 2013లో టొయోటా బెంగళూరు పక్కన బిడదిలో క్యామ్రీ హైబ్రిడ్ తయారీ మొదలుపెట్టింది. 2015లో కేంద్రం ఫేమ్ పథకం కింద కరెంటు, హైబ్రిడ్ బండ్లకు ప్రోత్సాహకాలు ఇవ్వగానే, మారుతి సియాజ్‌లో మైల్డ్ హైబ్రిడ్ పెట్టింది. ఇందులో మోటారు ఇంజనుకు చేయి అందించడమే తప్ప బండిని సొంతంగా నడపలేదు. 2017 ఏప్రిల్‌లో మైల్డ్ హైబ్రిడ్లకు ఆ ప్రోత్సాహం ఆపేశారు. ఆ జూలైలో జీఎస్టీ వచ్చి, పెద్ద హైబ్రిడ్ల మీద పన్ను సెస్సుతో కలిపి 43 శాతమైంది. కరెంటు కార్లకు అప్పుడు 12 శాతం, 2019 ఆగస్టు నుంచి 5 శాతం. 2025 సెప్టెంబరు 22 నుంచి సెస్సు పోయి పెద్ద పెట్రోలు, డీజిల్ కార్లన్నిటికీ 40 శాతమైంది, హైబ్రిడ్లకూ అంతే. నాలుగు మీటర్ల లోపు పొడవూ 1200 సీసీ లోపు ఇంజనూ ఉన్న పెట్రోలు హైబ్రిడ్లకు మాత్రం 18. పెట్రోలు ఆదా చేసే బండికీ చేయని బండికీ ఒకే పన్ను వేయడం న్యాయంగా నాకు తోచదు.

అసలు మార్పు 2022లో వచ్చింది. ఆ మే నెలలో హోండా సిటీ హైబ్రిడ్, సెప్టెంబరులో హైరైడర్, మారుతి గ్రాండ్ విటారా, ఏడాది చివర్లో ఇన్నోవా హైక్రాస్. చివరి మూడూ బిడదిలో తయారైనవే. అంటే రాయచూరువాళ్లకు ఇది సొంత రాష్ట్రపు బండి. హైరైడర్‌కు కాగితం మీద లీటరుకు 27.97 కిలోమీటర్లు, హైక్రాస్‌కు 23.24.

కాగితం మీది అంకె రాయచూరు రోడ్డు మీద నిలవదు. కారణం ఆ జిల్లా రోడ్ల స్వభావంలోనే ఉంది. బెంగళూరులో కారు నిమిషానికోసారి ఆగుతుంది, బ్యాటరీకి చేతినిండా పని. రాయచూరు నుంచి మానవి మీదుగా సింధనూరు సుమారు 90 కిలోమీటర్లు. కృష్ణా తుంగభద్రల నడుమ చదునైన నేల, వరి పొలాలు, వలస వచ్చిన తెలుగు రైతులు కట్టుకున్న క్యాంపులనే ఊళ్లు. గంటకు ఎనభై మీద సాగిపోయే కారు బ్రేకు తొక్కేది తక్కువ, అక్కడ దాచుకోవడానికీ మిగిలేది తక్కువే. ఊరూరా ఉన్న స్పీడ్ బ్రేకర్లు, బియ్యం లారీల వెనక నెమ్మదించడాలు కొంత మేలు చేస్తాయి. దేవసూగూరు దగ్గర కృష్ణ దాటి మహబూబ్‌నగర్ మీదుగా హైదరాబాదు వెళ్లేవాళ్లకూ ఊరు చేరేదాకా పరిస్థితి అదే.

లెక్క వేద్దాం. ఒకే కారు పెట్రోలు, హైబ్రిడ్ రకాల మధ్య షోరూం ధరలో తేడా రెండున్నర లక్షలు అనుకుందాం. కర్ణాటకలో పది నుంచి ఇరవై లక్షల కారుకు లైఫ్ ట్యాక్సు 17 శాతం, ఇరవై దాటితే 18, ఆపైన సెస్సు. కాబట్టి రోడ్డెక్కేసరికి తేడా దాదాపు మూడు లక్షలవుతుంది. పెట్రోలు లీటరు 103 రూపాయలు అనుకుందాం. హైవే ఎక్కువగా ఉండే రాయచూరులో పెట్రోలు కారు 15, హైబ్రిడ్ 20 ఇస్తే, వంద కిలోమీటర్లకు మిగిలేది 172 రూపాయలు. మూడు లక్షలు రావాలంటే లక్షా డెబ్బై నాలుగు వేల కిలోమీటర్లు తిరగాలి. ఏడాదికి 12 వేలు తిరిగే కుటుంబానికి పద్నాలుగేళ్లు పైనే. టొయోటా తన హైబ్రిడ్ బ్యాటరీకి ఇచ్చే వారంటీ 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్లు. అదే బెంగళూరులో పెట్రోలు కారు 10, హైబ్రిడ్ 20 ఇస్తే వందకు 515 రూపాయలు మిగులుతాయి, 58 వేల కిలోమీటర్లకే డబ్బు తిరిగొస్తుంది. ఇంకో మాట. ఆంధ్రా, తెలంగాణల కంటే కర్ణాటకలో పెట్రోలు చవక. సరిహద్దు ఊళ్లవాళ్లు ఇటు వచ్చి ట్యాంకు నింపుకుని పోతారు. పెట్రోలు చవకగా ఉన్నచోట హైబ్రిడ్ ఆదా కూడా చిన్నదవుతుంది.

నా అభిప్రాయం స్పష్టంగా చెబుతాను. రాయచూరులో ఏడాదికి ముప్పై వేల కిలోమీటర్లు తిరిగే వ్యాపారికి, వారానికోసారి హైదరాబాదు వెళ్లి ఊళ్లోనూ తిరిగేవాళ్లకు ఆరేళ్లలోపే గిట్టుతుంది, కొనవచ్చు. క్యాంపు నుంచి సింధనూరుకూ, అప్పుడప్పుడూ మంత్రాలయానికీ వెళ్లే కుటుంబం మామూలు పెట్రోలు కారు కొనుక్కుని ఆ మూడు లక్షలు చేతిలో ఉంచుకోవడం మేలు. నిశ్శబ్దం, గేర్ల కుదుపు లేని నడక నచ్చి కొనేవాళ్లు ఉంటారు. ఆ సుఖానికి వాళ్లు డబ్బిస్తున్నారు, తప్పు లేదు.

కరెంటు కారు కొంటే సరిపోదా అని అడుగుతారు. రాయచూరులో ఈ ప్రశ్నకు ప్రత్యేకమైన బరువుంది. శక్తినగర్ థర్మల్ కేంద్రం 1985 నుంచి బొగ్గు కాలుస్తూ కరెంటు ఇస్తోంది, దాని సామర్థ్యం 1720 మెగావాట్లు. యరమరస్‌లో మరో 1600. దేశం మొత్తం మీద సగటున ఒక యూనిట్ కరెంటుకు సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ విడుదలవుతుంది. వంద కిలోమీటర్లకు 17 యూనిట్లు తీసుకునే కరెంటు కారు లెక్కన 12 కిలోలు. లీటరు పెట్రోలు మండితే సుమారు 2.3 కిలోలు, కాబట్టి లీటరుకు 20 ఇచ్చే హైబ్రిడ్‌కు పదకొండున్నర కిలోలు. పెట్రోలును శుద్ధి చేసి తేవడంలో వెలువడేదీ కలిపితే హైబ్రిడ్ వాటా ఇంకొంచెం పెరుగుతుంది. ఇవాళ్టికి రెండూ దాదాపు సమానం. ఇంటి మీద సోలారు పెట్టుకుని పగలు చార్జింగు చేసుకోగలిగినవాళ్లకు మాత్రం కరెంటు కారు దగ్గరకు హైబ్రిడ్ రాలేదు.

కొన్నాక జాగ్రత్తల్లో ఎండదే మొదటి చోటు. రాయచూరు మే నెలలో ఏసీ ఆగకుండా నడవాలి. ఈ కార్లలో ఏసీ కంప్రెసరు కరెంటుతో నడుస్తుంది కాబట్టి ఇంజను ఆగినా చల్లదనం పోదు, కానీ బ్యాటరీ త్వరగా దిగి ఇంజను మళ్లీ మళ్లీ మొదలవుతుంది, మైలేజీ తగ్గుతుంది. చాలా హైబ్రిడ్లలో బ్యాటరీని చల్లబరిచేది కారు లోపలి గాలే. ఆ గాలి వెళ్లే జాలీకి సామాన్లు అడ్డం పెట్టకూడదు, దానిలో చేరే ఎర్రమట్టినీ పత్తి నూగునూ సర్వీసులో తప్పకుండా శుభ్రం చేయించాలి. సెకండ్ హ్యాండ్ బండి కొనేటప్పుడు కంపెనీ సర్వీసు కేంద్రంలో బ్యాటరీ పరీక్ష రిపోర్టు తీయించి చూసుకోవాలి, వారంటీ ఎంత మిగిలిందో రాతపూర్వకంగా తీసుకోవాలి. బానెట్ కింద నారింజ రంగు కేబుళ్లు కనిపిస్తాయి. వాటిలో వందల వోల్టుల కరెంటు ఉంటుంది. హారన్ బిగించడానికో అదనపు లైట్లు పెట్టడానికో వచ్చిన వీధి ఎలక్ట్రీషియన్ను వాటి జోలికి వెళ్లనివ్వకండి.