ప్రభుత్వం వయసెంత? పుట్టిన తేదీల మీద ఒక పరిశీలన

1947 ఆగస్టులో ఐక్యరాజ్యసమితి సచివాలయం ముందుకు ఒక చిక్కు ప్రశ్న వచ్చింది. మరి కొద్ది రోజుల్లో బ్రిటిష్ ఇండియా రెండు దేశాలు కాబోతోంది. అంతకు రెండేళ్ల ముందు, 1945 జూన్ 26న, శాన్‌ఫ్రాన్సిస్కోలో సమితి నియమావళి మీద ఇండియా తరఫున ఆర్కాటు రామస్వామి మొదలియారు సంతకం చేశారు. అప్పటికి దేశానికి స్వాతంత్ర్యమే లేదు. అయినా అది వ్యవస్థాపక సభ్యదేశం. ఇప్పుడా సభ్యత్వం ఎవరికి చెందుతుంది? న్యాయ వ్యవహారాలు చూసే సహాయ ప్రధాన కార్యదర్శి ఇవాన్ కెర్నో అభిప్రాయం సూటిగా ఉంది. ఇండియా పాత దేశమే, అందులోంచి ఒక భాగం విడిపోతోంది. విడిపోయిన భాగం కొత్త దేశం కనుక కొత్తగా దరఖాస్తు పెట్టుకోవాలి. అలా దరఖాస్తు పెట్టుకున్న పాకిస్తాన్ సెప్టెంబరు 30న సభ్యదేశమైంది. ఒకే చట్టం ద్వారా, ఒకే తేదీన అధికారం పుచ్చుకున్న రెండు ప్రభుత్వాల్లో ఒకటి పాతదిగా, మరొకటి కొత్తదిగా లెక్కకెక్కింది.

నేటి జాతీయ ప్రభుత్వాల వయసు లెక్కగట్టే పని పైకి పంచాంగం చూసినంత తేలికగా కనిపిస్తుంది. దేశాల పేర్ల ఎదుట ఒక్కో సంవత్సరం వేసిన పట్టికలు చాలా ఉన్నాయి. ఆ ఒక్క సంవత్సరం దేని పుట్టుకను చెబుతోందన్నదే ఈ వ్యాసం అడిగే ప్రశ్న. ప్రభుత్వం ఒంటిపోగు కాదనీ, దానిలోని పోగులు వేర్వేరు కాలాల్లో తెగుతాయనీ, తెగిన ప్రతి చోటికీ విడిగా తేదీ వేయకపోతే లెక్క తప్పుతుందనీ నా వాదన.

ముందు మాట దగ్గరే జాగ్రత్త పడాలి. తెలుగులో ‘ప్రభుత్వం’ అన్న ఒక్క మాట మూడు పనులు చేస్తోంది. శాసనసభలో అవిశ్వాస తీర్మానం నెగ్గితే ‘ప్రభుత్వం పడిపోయింది’ అంటాం. అక్కడ అది మంత్రివర్గం. ‘ప్రభుత్వోద్యోగి’ అన్నప్పుడు మంత్రులు మారినా కదలని యంత్రాంగం. ‘బ్రిటిష్ ప్రభుత్వం పోయింది’ అన్నప్పుడు ఏకంగా అధికార మూలమే. పందొమ్మిదో శతాబ్దపు తెలుగు రాతల్లో ఈ మూడో అర్థానికి ‘దొరతనం’ ఉండేది, దొరతనం వారు అని గౌరవంగా రాసేవారు. ఆ మాట పోయాక దాని బరువూ ‘ప్రభుత్వం’ మీదే పడింది. మంత్రివర్గాల వయసుతో ఇక్కడ పని లేదు. మిగిలిన రెంటినీ కలిపేయడం వల్ల వచ్చే గందరగోళమే అసలు విషయం.

ఎక్కువమంది వాడే కొలత రాజ్యాంగ పత్రం. దాని ప్రకారం అమెరికా ముందు నిలుస్తుంది: 1787లో రచన, 1788లో తొమ్మిదో రాష్ట్రంగా న్యూ హాంప్‌షైర్ ఆమోదం, 1789 మార్చి 4 నుంచి అమలు. ఆ తర్వాత 1814 నాటి నార్వే, 1831 నాటి బెల్జియం. పసిఫిక్ సముద్రంలోని చిన్న ద్వీపరాజ్యం టోంగా కూడా 1875 నాటి రాజ్యాంగాన్నే సవరించుకుంటూ నడుస్తోందంటే చాలామందికి ఆశ్చర్యం కలుగుతుంది. ఇన్నేళ్లు నిలవడం అరుదు. 1789 నుంచి వచ్చిన జాతీయ రాజ్యాంగాలను పరిశీలించి పరిశోధకులు ఎల్కిన్స్, గిన్స్‌బర్గ్, మెల్టన్ 2009లో ప్రచురించిన గ్రంథంలో రాజ్యాంగపు సగటు ఆయుర్దాయం సుమారు 19 ఏళ్లని తేల్చారు. 1789 సెప్టెంబరులో మాడిసన్‌కు రాసిన ఉత్తరంలో జెఫర్సన్, ఒక తరం చేసిన చట్టం మరో తరాన్ని కట్టిపడేయకూడదని వాదిస్తూ, మరణాల పట్టికల నుంచి లెక్కతీసి ప్రతి రాజ్యాంగానికీ పెట్టిన గడువు కూడా 19 ఏళ్లే. ఈ రెండు అంకెలు కలవడం కాకతాళీయమే కావచ్చు. నాకు మాత్రం అది తీసిపారేయదగ్గ విషయంగా తోచదు.

అయితే పత్రాన్ని నమ్ముకుంటే స్విట్జర్లాండ్ దగ్గరే దెబ్బ తింటాం. అక్కడి ప్రస్తుత రాజ్యాంగ పాఠం 1999 నాటిది. కానీ అది 1874 పాఠం చెప్పిన పద్ధతిలో వచ్చింది. ఆ పాఠం 1848 నాటిదాని నుంచి వచ్చింది. ఏ రోజూ అధికారం దారి తప్పలేదు. బ్రిటన్‌కైతే ఒక్కచోట కూర్చిన పత్రమే లేదు: 1689 హక్కుల చట్టం నుంచి లెక్కించాలా, స్కాట్లండ్ కలిసిన 1707 నుంచా, ఐర్లండ్‌లో అధిక భాగం విడిపోయిన 1922 నుంచా? ప్రతి తేదీకీ తన న్యాయం ఉంది. పాలిటీ అనే పేరున్న గణాంక భాండారం వేరే దారి పట్టింది. ప్రజాస్వామ్య మానంలో మూడేళ్లలోపు మూడు పాయింట్ల మార్పు వస్తే పాత పాలన ముగిసినట్టు, వయసు మళ్లీ సున్నా నుంచి మొదలైనట్టు. అంకెలకు అనువైన పద్ధతే. కానీ రాజ్యాంగం చెప్పిన దారిలోనే వచ్చిన సంస్కరణకూ, సైనిక కుట్రకూ ఈ కొలతలో తేడా కనబడదు.

న్యాయ సిద్ధాంతవేత్త హాన్స్ కెల్సెన్ సిద్ధాంతం ఇక్కడ అక్కరకొస్తుంది. ప్రతి చట్టం తన పైచట్టం నుంచి బలం పొందుతుంది. అలా పైకి పోతే చివర ఒక మూల నియమం దగ్గర ఆగుతాం. ఆ నియమం చెప్పిన దారి తప్పి అధికారం చేతులు మారితే అది విప్లవమే, నెత్తురు చిందినా చిందకపోయినా. ఆ లెక్కన అమెరికా రాజ్యాంగమూ విప్లవ సంతానమే. అంతకు ముందున్న సమాఖ్య ఒడంబడిక ప్రకారం సవరణకు 13 రాష్ట్రాలూ ఒప్పుకోవాలి. ఫిలడెల్ఫియాలో కూర్చున్నవారు తొమ్మిది చాలన్నారు. రోడ్ ఐలండ్ 1790 మే నెలలో గాని చేరలేదు.

ఈ కొలత పరిమితిని చూపడానికి జపాన్, ఇండియాల కంటే మంచి జంట నాకు దొరకలేదు. 1947 మే 3న అమల్లోకి వచ్చిన జపాన్ రాజ్యాంగం, చట్టరీత్యా, 1889 మెయిజీ రాజ్యాంగానికి సవరణ. పాత రాజ్యాంగం 73వ అధికరణం చెప్పిన పద్ధతిలోనే చక్రవర్తి దాన్ని ప్రకటించాడు. పరంపర ఎక్కడా తెగలేదు. కానీ సార్వభౌమాధికారం చక్రవర్తి నుంచి జనం చేతికి వచ్చింది. చక్రవర్తి ఇచ్చిన రాజ్యాంగాన్ని సవరించి చక్రవర్తి సార్వభౌమత్వాన్నే తీసేయవచ్చా? దీనికి న్యాయవేత్త మియజావా తొషియొషి ఇచ్చిన జవాబు ‘ఆగస్టు విప్లవ’ సిద్ధాంతం: 1945 ఆగస్టులో, లొంగిపొమ్మన్న పోట్స్‌డామ్ ప్రకటనను జపాన్ ఒప్పుకున్ననాడే విప్లవం జరిగిపోయింది, ఆ తర్వాత నడిచిన సవరణ తంతు పైతొడుగు మాత్రమే.

ఇండియాలో సరిగ్గా దీనికి తలకిందులు. మన రాజ్యాంగ పరిషత్తుకు చట్టసభగా అధికారమిచ్చింది బ్రిటిష్ పార్లమెంటు చేసిన 1947 స్వాతంత్ర్య చట్టం. ఆ పరిషత్తు రాసిన రాజ్యాంగంలోని 395వ అధికరణం ఆ చట్టాన్నే రద్దు చేసింది. తనకు ఊపిరి పోసిన చట్టాన్ని రద్దు చేసే అధికారం పరిషత్తుకు ఆ చట్టం ఇచ్చిందా అన్నది న్యాయశాస్త్రంలో చర్చనీయాంశమే. గవర్నర్ జనరల్ ఆమోదముద్ర కోసం కూడా రాజ్యాంగాన్ని పంపలేదు. పరిషత్తు అధ్యక్షుడి సంతకంతోనే అది చెల్లింది. ఏరు దాటి తెప్ప తగలేయడం మన సామెతలో కృతఘ్నత. ఇక్కడ అది ఆలోచించి చేసిన పని, నా దృష్టిలో గొప్ప పని: ఈ అధికారం లండన్ నుంచి దిగి రాలేదు, ఈ నేలలోంచి మొలిచిందని చెప్పడానికి దాన్ని మించిన మార్గం లేదు. కామన్వెల్త్ రాజ్యాంగాల మీద రాజ్యాంగ పండితుడు కె.సి. వేర్ చేసిన చర్చలో ఇలాంటి స్వయంభూ లక్షణానికి ప్రత్యేక స్థానం ఉంది.

తెప్ప తగలబడినా అందులో వచ్చినవారు మాత్రం వారే. 372వ అధికరణం మిగిలిన పాత చట్టాలను కొనసాగించింది. 374వ అధికరణం ఫెడరల్ కోర్టు న్యాయమూర్తులను సుప్రీంకోర్టు న్యాయమూర్తులను చేసింది; ఫెడరల్ కోర్టు చివరి ప్రధాన న్యాయమూర్తి హరిలాల్ కానియాయే సుప్రీంకోర్టు మొదటి ప్రధాన న్యాయమూర్తి. రాజ్యాంగంలో ఎన్నో భాగాలకు నమూనా బ్రిటిష్ కాలపు 1935 భారత ప్రభుత్వ చట్టం. జపాన్‌లో పరంపర నిలిచి మూలం తెగింది. ఇండియాలో మూలాన్ని కావాలని తెంచి యంత్రాంగాన్ని నిలుపుకున్నారు. రెండు దేశాల ఎదుటా 1947, 1950 అని ఒక్కో అంకె వేసి ఊరుకుంటే ఈ కథంతా అంకె కింద సమాధి అవుతుంది.

గవర్నర్ జనరల్ ఆమోదముద్ర చిన్న తంతు కదా అనిపించవచ్చు. సరిహద్దు అవతల అదే తంతు ఒక దేశపు గతిని మార్చింది. 1954 అక్టోబరులో పాకిస్తాన్ గవర్నర్ జనరల్ గులాం మహమ్మద్ అక్కడి రాజ్యాంగ పరిషత్తును రద్దు చేశాడు. పరిషత్తు అధ్యక్షుడు మౌల్వీ తమీజుద్దీన్ ఖాన్ సింధ్ చీఫ్ కోర్టుకు వెళ్లి గెలిచాడు. 1955 మార్చిలో ఫెడరల్ కోర్టు ఆ తీర్పును కొట్టేసింది. పరిషత్తు చేసిన చట్టాలకు గవర్నర్ జనరల్ ఆమోదం తప్పనిసరి, కాబట్టి ఏ సవరణ ఆధారంగా తమీజుద్దీన్ కోర్టుకు వచ్చాడో ఆ సవరణే చెల్లదంది. న్యాయమూర్తి కార్నీలియస్ ఒక్కరే విభేదించారు. ఒకే 1947 చట్టం. ఢిల్లీ దాన్ని దాటిపోయింది, కరాచీ దానిలో చిక్కుకుంది.

తర్వాతి ఘట్టం మరీ బాధ కలిగిస్తుంది. 1956లో ఎట్టకేలకు వచ్చిన రాజ్యాంగాన్ని 1958 అక్టోబరు 7న అధ్యక్షుడు ఇస్కందర్ మీర్జా రద్దు చేశాడు. అదే నెల 27న దోసో కేసులో సుప్రీంకోర్టు కెల్సెన్‌నే ఉటంకిస్తూ, నెగ్గిన విప్లవమే కొత్త చట్టానికి పునాది అని తీర్పునిచ్చింది. ఆ రాత్రే అయూబ్ ఖాన్ మీర్జాను గద్దె దించాడు. వర్ణించడానికి పుట్టిన సిద్ధాంతం అనుమతిపత్రంగా మారిపోయింది. 1972లో ఆస్మా జిలానీ కేసులో ఆ తీర్పును కోర్టే తోసిపుచ్చింది. 1973 ఆగస్టు 14 నుంచి అమలైన రాజ్యాంగం నేటికీ ఉంది. మరి 1977లో జియా, 1999లో ముషారఫ్ దాన్ని రద్దు చేయకుండా పక్కన పెట్టిన కాలాల్ని ఏం చేయాలి? పత్రం వయసు చూస్తే 1973 నుంచి అన్నీ కలుస్తాయి. అధికారం వచ్చిన దారి చూస్తే ఆ రెండు చోట్లా పరంపర తెగింది. కుట్రదారుకు రాజ్యాంగపు వయసు దానం చేసే లెక్కను నేను ఒప్పుకోలేను. తెగిన చోట తెగిందనే రాయాలి.

దీనికి ఎదురు ఉదాహరణ లాట్వియా. 1940లో సోవియట్ సేనలు ఆక్రమించాయి. ఆ ఏడాది జులై 23 నాటి ప్రకటనతో అమెరికా బాల్టిక్ దేశాల విలీనాన్ని గుర్తించడానికి నిరాకరించింది. యంత్రాంగమంతా అర్ధ శతాబ్దం పాటు మారిపోయింది. అయినా 1991 తర్వాత లాట్వియా కొత్త దేశం పుట్టిందనలేదు, 1922 రాజ్యాంగాన్నే తిరిగి నిలబెట్టింది. 1931లో ఎన్నికైనది నాలుగో పార్లమెంటు కనుక, 1993లో ఎన్నికైనదానికి ఐదోదని పేరు పెట్టింది. ఆ పట్టుదల చూస్తే గౌరవం కలుగుతుంది. కానీ దానికి మూల్యం కట్టినవారు వేరే ఉన్నారు. రాజ్యం పాతదే అయితే పౌరులూ పాతవారే కావాలి. అందుకే 1940 నాటి పౌరులకూ వారి సంతతికీ పౌరసత్వం తనంతట తానే దక్కింది. సోవియట్ కాలంలో వచ్చి స్థిరపడ్డ లక్షలమంది, వారి పిల్లలు పౌరులు కానివారిగా మిగిలారు. ప్రభుత్వం పుట్టిన తేదీ పండితుల వాదం మాత్రమే కాదని చెప్పడానికి ఇంతకంటే ఏం కావాలి?

ఇక ఐక్యరాజ్యసమితి సభ్యత్వానికి వస్తే, రష్యా 1991 డిసెంబరులో సోవియట్ యూనియన్ స్థానాన్ని భద్రతామండలిలో అలాగే అందుకుంది. సెర్బియా, మాంటెనెగ్రోలు పాత యుగోస్లావియా తామేనన్నప్పుడు మాత్రం సమితి ఒప్పుకోలేదు. 2000లో కొత్త సభ్యదేశంగానే చేర్చుకుంది. కెర్నో చెప్పిన సూత్రం అందరికీ ఒకేలా వర్తించలేదు.

ఒకే దేశం లోపల కూడా పోగులు ఒకేచోట తెగవు. తెలుగు జిల్లాలు దీనికి మంచి నిదర్శనం. కర్నూలు మద్రాసు ప్రభుత్వం కింద నుంచి 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రంలోకి చట్టప్రకారం మారింది. కలెక్టరు కచేరీ ఒక్కరోజు కూడా మూతపడాల్సిన పని లేదు. గంజాం, విశాఖపట్నం కొండ ప్రాంతాలను గవర్నరు ఏజెంటు కింద ఉంచిన 1839 చట్టం వచ్చి ఎన్నో ఏళ్లయినా, మన్యం జనం తమ ప్రాంతాన్ని ఇప్పటికీ ‘ఏజెన్సీ’ అనే పిలుస్తారు. కరీంనగర్ కథ వేరు. అక్కడ 1948 సెప్టెంబరులో నిజాం పాలన సైనిక చర్యతో కూలింది, జె.ఎన్. చౌధురి సైనిక గవర్నరయ్యాడు. నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ 1949 నవంబరులో ఫర్మానా ద్వారా భారత రాజ్యాంగాన్ని అంగీకరించి, 1950 జనవరి 26 నుంచి రాజప్రముఖ్‌గా, అంటే రాష్ట్రాధిపతిగా, కొనసాగాడు. పరంపర తెగింది, కానీ పాత ప్రభువు సంతకంతోనే ముడి పడింది.

ఈ తేడా కోర్టు కాగితాల్లో కూడా ఉంది. 1860 నాటి భారత శిక్షాస్మృతి స్థానంలో 2024 జులై 1న భారతీయ న్యాయ సంహిత వచ్చింది. ఆ తేదీకి ముందు జరిగిన నేరాలకు మాత్రం నేటికీ పాత స్మృతి ప్రకారమే విచారణ నడుస్తోంది. కర్నూలు కోర్టులో ఆ పుస్తకం బ్రిటిష్ రాణి కాలం నాటిది. కరీంనగర్ కోర్టులో అంతకు ముందు నిజాం రాజ్యపు సొంత శిక్షాస్మృతి ఉండేది. భారత శిక్షాస్మృతి అక్కడికి చేరింది 1951 ఏప్రిల్ 1న, స్వతంత్ర భారత పార్లమెంటు చేసిన చట్టం ద్వారా.