కంచెకు అవతలి పశువు

గొడ్డుమాంసం గురించి మన దగ్గర ఎప్పుడు మాట్లాడినా చర్చ తినే హక్కు దగ్గరే ఆగిపోతోంది. ఆ కొట్లాట అవసరమే. కానీ పెద్దకూరకు ఒక ప్రపంచ మార్కెట్ కూడా ఉంది. అందులో ఎవరి పశువుకు ధర పలికిందో, ఎవరి పశువు గుంటలో పడిందో కూడా మనం చదవాలి. అందుకు బోట్స్వానా చరిత్ర బాగా పనికొస్తుంది.

దక్షిణాఫ్రికాకు ఉత్తరాన ఉన్న ఈ దేశంలో చాలా భాగం కలహారి ఎడారే. 1966లో స్వాతంత్ర్యం వచ్చేనాటికి బయటికి అమ్ముకోవడానికి అక్కడ ప్రధానంగా ఉన్నవి పశువులు, వాటి మాంసం. వజ్రాల సంగతి తర్వాతిది. ఒరాపా గని 1971లో గానీ మొదలుకాలేదు.

పశువును నమ్ముకున్న దేశానికి రోగభయం కొత్త కాదు. 1896లో ముసరవ్యాధి మందలకు మందలనే ఊడ్చేసింది. పశువులు పోగొట్టుకున్న మగవాళ్లు దక్షిణాఫ్రికా గనులకు కూలికి పోవడం అప్పటినుంచి పెరిగింది. 1924లో అదే దక్షిణాఫ్రికా, బరువు తక్కువ పశువులను సరిహద్దు దాటనివ్వబోమంది. తెల్ల రైతుల మార్కెట్టును కాపాడటానికి పెట్టిన నిబంధన అది, రోగంతో దానికి సంబంధమే లేదు. ఆ తర్వాత వచ్చిన రోగ నిషేధాలను చదివేటప్పుడు కూడా ఈ సంగతి మరవకండి. రోగం నిజమే కావచ్చు. నిషేధం ఎవరికి లాభమో అడగడం మాత్రం మానకూడదు.

1954లో లోబాట్సేలో ఎగుమతి కబేళా వచ్చింది. 1975లో యూరప్ దేశాలతో లోమే ఒప్పందం కుదిరింది. ఏడాదికి ఒక కోటా మేరకు మాంసానికి దిగుమతి పన్నులో దాదాపు 90 శాతం రాయితీ ఉండేది. అంటే యూరప్‌లో పలికే పెద్ద ధరలో ఎక్కువ భాగం బోట్స్వానాకే దక్కేది. ఒక ముఖ్య షరతు ఉంది. గాలికుంటు లేని ప్రాంతం నుంచి వచ్చిన మాంసమే కావాలి.

గాలికుంటుతో పెద్ద పశువు చావడం అరుదు. నోట్లో, గిట్టల మధ్య పుండ్లు పడతాయి, మేత ముట్టదు, పాలు తగ్గుతాయి. కొన్ని వారాలకు చాలా పశువులు కోలుకుంటాయి. మార్కెట్ మాత్రం అంత తొందరగా కోలుకోదు. పైగా అక్కడి అడవి దున్నల్లో ఈ వైరస్ ఎప్పుడూ ఉంటుంది, దాన్ని పూర్తిగా తుడిచేయడం అయ్యే పని కాదు. అందుకే దేశాన్ని కంచెలతో ముక్కలు చేశారు. 1958 నాటి కూకే కంచె అలాంటిదే. కరువు కాలాల్లో నీళ్లకోసం బయల్దేరిన అడవి జంతువులు ఆ కంచెలకు అడ్డుపడి వేలల్లో చచ్చాయి. 1977లో గాలికుంటు రానే వచ్చింది, యూరప్ తలుపు మూసింది. ఎగుమతి చేసే అధికారం బోట్స్వానా మీట్ కమిషన్ ఒక్కదానికే ఉండేది. అది ఆగితే రోగం లేని ఊళ్ల పశువుకూ కొనేవాడు కరువే.

ఇంతకీ ఆ పశువులు ఎవరివి? 1974-75 గ్రామీణ సర్వేలో 45 శాతం కుటుంబాలకు ఒక్క పశువూ లేదని తేలింది. పెద్ద మందలు కొద్దిమందివి. దేశాన్ని ఏలిన నాయకుల్లో చాలామంది పెద్ద పశుయజమానులే. మంద వెంట తిరిగినవాళ్లలో మాత్రం బసార్వాలు, అంటే సాన్ ప్రజలు, ఎందరో ఉన్నారు. త్స్వానా దొరల కింద తరతరాలుగా కూలి లేకుండా పశువులు కాసిన వాళ్లను 'మలాటా' అనేవారు. తెలంగాణ పల్లెల్లో జీతగాడి బతుకు తెలిసినవాళ్లకు ఈ మాట విడమరిచి చెప్పనక్కర్లేదు.

1995లో అసలు దెబ్బ తగిలింది. నమీబియా వైపు నుంచి పశువుల ఊపిరితిత్తుల అంటురోగం వాయవ్యాన ఉన్న గామిలాండ్ జిల్లాలోకి వచ్చింది. దక్షిణానికి పాకితే యూరప్ మార్కెట్ పోతుంది. ముందు కొత్త కంచెలు వేశారు, ఆగలేదు. చివరికి జిల్లాలోని పశువులన్నిటినీ, సుమారు 3,20,000, చంపేశారు. రోగమున్నదా లేనిదా అన్న తేడా చూడలేదు. గాలికుంటు టీకా ప్రాంతం కాబట్టి గామిలాండ్ మాంసానికి యూరప్‌లో ప్రవేశమే లేదు. తమను గడప తొక్కనివ్వని మార్కెట్టును కాపాడటానికి ఆ జిల్లా తన మందలన్నిటినీ అర్పించింది!

పరిహారం ఇచ్చారు, డబ్బుగా, కొంత కొత్త పశువులుగా. ఎవరికి? పశువు ఎవరిదైతే వారికి. అక్కడ 'మఫీసా' అనే పద్ధతి ఉంది. ఉన్నవాడు తన పశువులను లేనివాడికి మేపడానికి ఇస్తాడు. మేపేవాడికి పాలు, దుక్కికి ఎడ్లు దొరుకుతాయి. పశువును చంపితే యజమానికి చెక్కు వస్తుంది. మేపినవాడి ఇంట్లో పాలచెంబు ఖాళీ, పొలంలో అరక ఆగింది. ఆ నష్టానికి పట్టికలో గడి లేదు. పశువులు పోయిన ప్రాంతంలో ఐదేళ్లలోపు పిల్లల్లో బరువు తక్కువ సమస్య ఎక్కువైందని 2001లో అచ్చయిన ఒక వైద్య అధ్యయనం చూపింది. ఎగుమతి లెక్కల్లో ఆ పిల్లలు కనిపించరు.

ఇదంతా తప్పనిసరా? ఎముకలు, గ్రంథులు తీసేసి, సరిగా మాగబెట్టిన మాంసంతో గాలికుంటు సోకే ప్రమాదం చాలా తక్కువని పశువైద్యులు ఎన్నాళ్లుగానో చెబుతున్నారు. పశువు ఏ జిల్లాలో పుట్టిందని కాకుండా మాంసాన్ని ఎలా సిద్ధం చేశారో చూసి కొనాలన్న వాదనను దక్షిణాఫ్రికా ప్రాంత దేశాలు 2012లో బోట్స్వానాలోని ఫకలానేలో ప్రకటనగా ముందుకు తెచ్చాయి. గాలికుంటు ఉన్న మన దేశం నుంచి కూడా బర్రె, దున్న మాంసం ఎముకలు తీసేశాకే వియత్నాం, మలేషియా, ఈజిప్టు వంటి దేశాలకు వెళుతోంది. యూరప్ మాత్రం మనకూ తలుపు తీయలేదు.