వాయించిన చేతులు మార్చిన నాట్యం

1651లో జాన్ ప్లేఫోర్డ్ లండన్‌లో అచ్చువేసిన పుస్తకంతో ఇంగ్లిష్ కంట్రీ డాన్సులకు మంచి ప్రచారం వచ్చింది. మగవాళ్లు ఒక వరుస, ఆడవాళ్లు ఒక వరుస ఎదురెదురుగా నిలబడి, చోట్లు మారుతూ ఆడే ఆటలవి. ఆ శతాబ్దం చివరికి ఫ్రెంచి ఆస్థానం వాటిని చేరదీసి కాంట్రడాన్స్ అని పిలుచుకుంది. తర్వాత చక్కెర ఓడల దారినే అవి కరీబియన్ దీవులకు చేరాయి.

ఆ దీవుల్లో ఫ్రాన్సుకు కాసులు కురిపించింది సాన్ డొమాంగ్, అంటే నేటి హైతీ. 1789 నాటికి అక్కడ బానిసలు దాదాపు 5 లక్షలు. తెల్లవాళ్లు 40 వేలకు మించరు. దొరల ఇళ్లలో డాన్సు జరిగితే వయొలిన్ పట్టింది చాలాసార్లు బానిసలే. పారిపోయినవాళ్ల కోసం యజమానులు పత్రికల్లో వేయించిన ప్రకటనల్లో, ఒంటిమీది మచ్చలతోపాటు వయొలిన్ వాయించడాన్నీ ఆనవాలుగా రాయించేవారు. అడుగులు యూరప్‌వే, తాళం మాత్రం చేతులు మారింది. తర్వాత జరిగిన మార్పులన్నిటికీ మూలం ఇక్కడే ఉందని నా నమ్మకం.

1791లో బానిసలు తిరగబడ్డారు. తోటల యజమానులు వేల సంఖ్యలో తూర్పు క్యూబాకు పారిపోయారు, తమ బానిసలను వెంటబెట్టుకుని మరీ. శాంటియాగో చుట్టుపక్కల కొండల మీద కాఫీ తోటలు వెలిశాయి. ఆ బానిసల సంతతి ఆడుకున్నదే టుంబా ఫ్రాన్సేసా. పొడవాటి గౌన్లు, వంగి చేసే వందనాలు, జంటల వరుసలు అన్నీ దొరల హాల్లోవే. వాద్యాలు మాత్రం డోళ్లు, పాట క్రియోల్ భాషలో. దొరలను వెక్కిరించడమా, వాళ్ల హోదాను తామూ అందుకోవడమా? రెండూ అయి ఉంటాయి. 2003లో యునెస్కో గుర్తించిన ఈ ఆటను నేటికీ నిలబెడుతున్నవి మూడు బృందాలే.

ఈ వలసతోనే సింకియో అనే లయ క్యూబాకు వచ్చిందని చాలామంది రాశారు. ఛందస్సు తెలిసినవారికి దాన్ని చెప్పడం తేలిక: గురువు, లఘువు, గురువు, లఘువు, గురువు. ఐదు దెబ్బలు, ఎనిమిది మాత్రలు. అయితే ఘనతంతా వలసదారులకే కట్టబెట్టడం సబబు కాదు. కాంట్రడాన్స్ హవానాకు స్పెయిన్ దారినా వచ్చింది. 'శాన్ పాస్కువల్ బైలోన్' అనే క్యూబా బాణీకి 1803 నాటి స్వరలిపి ఉంది.

హవానాలోనూ మేళం నల్లవాళ్లదే. సంగీతం వంటి కళలన్నీ నల్లవాళ్ల చేతుల్లోకి పోయాయని క్యూబా రచయిత హోసే ఆంతోనియో సాకో 1830ల మొదట్లో వాపోయాడు. 1844లో తిరుగుబాటు కుట్ర ఆరోపణతో స్పానిష్ ప్రభుత్వం వేలమందిని పట్టి హింసించినప్పుడు వాద్యకారులనూ వదల్లేదు. అయినా ఆ లయ ఆగలేదు. స్వరకర్త మాన్యుయెల్ సౌమెల్ దాన్నే చిన్న చిన్న పియానో రచనల్లో పొదిగాడు.

పక్క దీవుల కథా ఇలాంటిదే. జమైకాలో, సెయింట్ లూసియాలో, గ్వాడలూప్‌లో కాంట్రడాన్స్ నుంచి పుట్టిన క్వాడ్రిల్ నాట్యం నల్లవాళ్ల సొంతమైంది. ప్యూర్టోరికోలో జంటలు మరీ దగ్గరగా ఆడుతున్నాయని 1849లో గవర్నరు ఒక నాట్యాన్ని నిషేధించాడు.

అసలు గొడవ ఆ దగ్గరితనమే. వరుసలు చెదిరి ఎవరి జంట వాళ్లదయ్యేసరికి పెద్దలకు నోట మాట రాలేదు, వచ్చాక తిట్లే. 1879 జనవరి 1న మతాన్సాస్ నగరంలో స్వరకర్త మిగెల్ ఫాయిల్దే 'లాస్ ఆల్తురాస్ దె సింప్సన్' వినిపించాడు. కాంట్రడాన్స్ నుంచి ఎదిగిన డాన్సోన్ అనే జంట నాట్యానికి కట్టిన బాణీ అది. ఫాయిల్దే. తండ్రి స్పెయిన్‌వాడు, తల్లి నల్లజాతి సంతతి. డాన్సోన్‌లో పల్లవిలాంటి భాగం మళ్లీ మళ్లీ వస్తుంది. అది వచ్చినప్పుడల్లా జంటలు ఆట ఆపి, విసనకర్రలు విసురుకుంటూ కబుర్లాడతాయి. ఉక్కబోత దేశానికి ఎంత తగిన ఏర్పాటు! ఆఫ్రికా వాసన కొడుతోందని పత్రికలు ఈసడించిన ఆ ఆటే తర్వాత జాతీయ నాట్యమైంది.

1938లో ఒరెస్తెస్ లోపెస్ 'మాంబో' అనే డాన్సోన్ రాసి, చివరి భాగంలో లయను ఇంకా బిగించాడు. 1950ల మొదట్లో స్వరకర్త ఎన్రికే హొర్రీన్ హాల్లో జంటలను గమనించాడు: ఎదురుదెబ్బల లయలో చాలామందికి అడుగు తప్పుతోంది. దాంతో బాణీని తాళం దెబ్బల మీదికే దించాడు. అలా పుట్టినదే చాచాచా.